వెనక చెయ్యి

కొండల మీద పోడు కాలుస్తున్నారు. ఆ పొగ రాత్రంతా సముద్రం మీదికి జారి, తెల్లారేసరికి ఆకాశం బూడిద నీళ్ళలో నానేసిన బట్టలా ఉంది. సూర్యుడు ఉండాల్సిన చోట ఒక పసుపు మరక. తిక్యో దానివైపు ఒకసారి చూసి, గాలి లేదనుకుని, రాళ్ళ బుట్ట భుజానికెత్తుకున్నాడు.

రాళ్ళు అతని భార్య నార్సిసా ఏట్లో ఏరి తెచ్చినవి. ముప్పై ఏళ్ళుగా ఆమే ఏరుతోంది. అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూస్తే వేళ్ళ కొసలు అందీ అందకుండా ఉండాలి. అంతకన్నా చిన్న రాయి లోతుకి దిగదు. పెద్దదైతే దారాన్ని కోస్తుంది. రాయీ ఎరా కలిపి ఆకులో చుట్టి, పైన దారం నాలుగు చుట్లు వేసి, ఊడే ముడి వేసి వదులుతారు. డెబ్భై బారలు దిగాక ఒక్క గుంజు. ముడి విడుతుంది, రాయి అడుక్కి పోతుంది, ఎర అక్కడే నిలుస్తుంది. ఒక రాయి ఒక్కసారే.

"ఏరంతా మోసుకెళ్ళి సముద్రంలో పోశావు. ఆ రాళ్ళతో ఇల్లు కట్టుకునుంటే మెట్లు కూడా వచ్చేవి," అంది నార్సిసా. ప్రతి ప్రయాణానికీ అనే మాటే. ఈసారి నవ్వకుండా అంది.

తిక్యో బుట్ట అంచుని ఎడంచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఖాళీగా వేలాడింది.

ఒడ్డున పెద్ద పడవ రెండు వైపులా వెదురు రెక్కలు చాపుకుని ఉంది. రెక్కల మీద ఆరు చిన్న పడవలు బోర్లించి కట్టేశారు. ఒక్కో పడవకి ఒక్కో మనిషి. చేపలు మసిలే చోటికి వెళ్ళాక వాటిని దింపుతారు. ఎవడి పడవలో వాడు, ఎవడి దారం వాడిది. పడవల యజమానురాలు ఔరెలియా ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని మంచుగడ్డలు ఎక్కించడం చూస్తోంది. పక్కన నిలబడ్డ మెల్చోర్ ఆ పడవ నడిపే సరంగు. తిక్యో అక్క కొడుకు.

"తిక్యో," అంది ఔరెలియా, "నీకు ఎదురుగానే చెప్తున్నా, వెనక చెప్పడం నాకిష్టం ఉండదు. పోయిన నెల పోయిన చేప లాంటిది మళ్ళీ పోయిందంటే నీ చోటుకి ఇంకొకణ్ణి చూసుకుంటా. అసలు ఈసారే వద్దన్నాను. మీ మేనల్లుడు బతిమాలాడు, ఇంకొక్కసారి అని."

"అలాగేనమ్మా."

"దారం కొత్తదేనా?"

"పోయిన నెలదీ కొత్తదే."

ఔరెలియా మెల్చోర్ వైపు చూసింది. మెల్చోర్ మంచు పెట్టె మూత బిగిస్తున్నాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

పడవ మీద వంట చేసే ఉల్దో గంజి గిన్నెలు తోముతూ అరిచాడు. "మావా! ఈసారి దారం ఎక్కడ కొన్నావు? నూడుల్స్ కొట్లోనా?"

అందరూ నవ్వారు. తిక్యో కూడా పెదవులు కదిపాడు. పోయిన నెల చేజారిన ఆ చేప అతను ముప్పై ఏళ్ళలో చూసిన వాటన్నిటికన్నా పెద్దది. మూడు గంటలు పట్టి పడవ కిందికి తెచ్చాడు. ఇక ఒంట్లో బలం లేక తెడ్డుకి చొక్కా కట్టి ఎత్తితే, పక్కనే ఉన్న మెల్చోర్ తన పడవ వదిలి ఇందులోకి దూకాడు. మెల్చోర్ ముందు నిలబడి దారం అందుకున్నాడు, తిక్యో వెనక కూర్చున్నాడు. ముందువాడు లాగాలి. వెనకవాడు దారాన్ని చుట్టలుగా పడేస్తూ, చేప దూకినప్పుడు వేళ్ళు తెరిచి వదలాలి. చేప చివరిసారి కిందికి దూకింది. దారం ఠప్పుమంది. మెల్చోర్ వెనక్కి తిరిగి, "మావా, నువ్వు వదల్లేదు," అన్నాడు. అదే మాట ఒడ్డున కూడా అన్నాడు.

తిక్యో కాదనలేదు. ఎందుకు కాదనలేదో నార్సిసాకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు చిన్న పడవలో తన సామాను సర్దుతూ, ఎవరూ చూడకుండా, గాలం మొనని కుడి చూపుడువేలి మీద నొక్కాడు. చర్మం లోపలికి పోయింది. నడిమివేలి మీద నొక్కాడు. ఎర్రటి చుక్క వచ్చింది. అది ఇంకెవరి వేలో అన్నట్టు చూశాడు. వానాకాలం వెళ్ళినప్పటి నుంచీ ఈ రెంటికీ, బొటనవేలికీ ఇంతే. వేళ్ళు మూసుకుంటాయి, తెరుచుకుంటాయి, కానీ వాటికి ఏమీ తెలియదు. ఆ రోజు వెనక కూర్చున్నప్పుడు ఈ వేళ్ళు తెరుచుకున్నాయో లేదో అతనికే తెలియదు.

పొగలోంచి ఎవరో మోటారు తిప్పారు.

రెండోరోజు సాయంత్రానికి తెప్ప దగ్గరికి చేరారు. వెదురు తెప్పకి కొబ్బరి మట్టలు వేలాడగట్టి నడిసముద్రంలో లంగరేసి వదిలేస్తారు. మట్టల నీడకి చిన్న చేపలు చేరతాయి, వాటికోసం పెద్దవి కింద తిరుగుతాయి. మర్నాడు పొద్దున్నుంచి ఆరుగురూ ఆరు దిక్కులా రాళ్ళు వదిలారు. ఆ రోజు ఎవరికీ పడలేదు. ఆ మర్నాడు ఇద్దరికి చిన్నవి పడ్డాయి. తిక్యో నలభై రాళ్ళు వదిలాడు. మధ్యాహ్నం ఎండకి కళ్ళు మూతలు పడుతుంటే దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి కూర్చున్నాడు. కాలికైతే తెలుస్తుంది.

భోజనాల దగ్గర ఉల్దో అన్నం పెడుతూ, "మావ చేపకి మనం నిప్పు రాజెయ్యక్కర్లేదురా," అన్నాడు. "ఆయన లాగే లాగుడుకి నీళ్ళలోనే ఉడికి వస్తుంది. ఉప్పు కూడా పట్టుంటుంది."

నవ్వులు. అందులో అబద్ధం లేదు. ట్యూనా ఎంతసేపు పెనుగులాడితే లోపల మాంసం అంత వేడెక్కుతుంది. ఎర్రగా నిగనిగలాడాల్సింది పాలిపోతుంది. ఒడ్డున పరీక్షించేవాడు 'కాలింది' అంటే ఆ చేప విదేశాలకి విమానం ఎక్కదు, ఊరి సంతకి పోతుంది. తిక్యో కుర్రవాడిగా ఉన్నప్పుడు చేప పడవలోకి రావడమే గొప్ప. ఎంతసేపు పట్టిందని ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు దారం తెగకూడదు, ఆలస్యమూ కాకూడదు.

"వడ్డించరా, ఏంటి అలా చూస్తావు?" అన్నాడు మెల్చోర్, తిక్యోతో కాదు, ఉల్దోతో. "మాటలు తగ్గించి కూర తగలెయ్."

"తగలేస్తే తినలేరు సరంగు గారూ. మావ చేపలా అవుద్ది."

మెల్చోర్ కంచం పట్టుకుని అవతలికి పోయి తిన్నాడు. అతను చేతికి గుడ్డ తొడుగు వేసుకునే తింటున్నాడని తిక్యో గమనించాడు. చెంచాతో తింటున్నాడు కనక ఎవరూ పట్టించుకోలేదు.

ఐదోరోజు తెల్లవారుజామున నీళ్ళు సీసం రంగులో కదలకుండా ఉన్నాయి. తిక్యో మూడో రాయి వదులుతుండగా దూరంగా మెల్చోర్ పడవ ఒక పక్కకి ఒరగడం కనిపించింది. మెల్చోర్ లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు. పడవ ముక్కు దానంతటదే తిరిగి, మోటారు లేకుండా ముందుకు పోవడం మొదలుపెట్టింది. తిక్యో తన ఎర పైకి లాగేసుకుని చూస్తూ కూర్చున్నాడు. అలా లాక్కుపోయే చేప ఈ ఏడాది ఎవరికీ పడలేదు.

ఎండ వీపు మీదికి వచ్చాక మెల్చోర్ పడవలో తెడ్డు పైకి లేచింది. దానికి నీలం చొక్కా.

అందరిలో దగ్గరున్నది తిక్యోనే. మోటారు తిప్పి, పక్కగా వెళ్ళి, తన పడవని మెల్చోర్ పడవకి తోకలా కట్టి, వంగి అందులోకి కాలు పెట్టాడు. పడవలో నీళ్ళు. నీళ్ళలో నెత్తురు. మెల్చోర్ దారాన్ని ఎడం మోచేతితో పడవ అంచుకి అదిమి పట్టుకున్నాడు. కుడిచేతి తొడుగు ఊడి అడుగున తేలుతోంది.

"కోసేసింది మావా. ఇంక పట్టలేను."

"ఎన్ని బారలుంది?"

"నలభై. పైకి రాదు, కిందికి పోదు. తిరుగుతోంది."

"ఇలా ఇవ్వు."

దారం చేతులు మారేటప్పుడు మెల్చోర్ కుడిచెయ్యి తిక్యో ముఖానికి జానెడు దూరంలో ఆగింది. అరచేతిలో అడ్డంగా లోతైన కోత. అది అందరికీ పడేదే, తిక్యో అరచేతిలో అలాంటివి లెక్కలేనన్ని. కానీ ఈ కోత అరచేతితో ఆగలేదు. చిటికెనవేలి పక్కగా తిరిగి, చేతి వెనకవైపుకి వెళ్ళి, బొటనవేలి మొదట్లో మళ్ళీ కలిసింది. ఉంగరంలా. జారే దారం అరచేతినే కోస్తుంది. చేతికి చుట్టుకున్న దారమే చేతి వెనక కోస్తుంది.

ఆ కొత్త కోతకి అంగుళం పైన, చేతి వెనకవైపు, ఇంకో గీత ఉంది. పూర్తిగా మానని గులాబిరంగు గీత. నెల కిందటిది.

తిక్యో దానివైపు చూశాడు. తను చూస్తున్నట్టు మెల్చోర్ చూశాడు. పద్నాలుగేళ్ళ వయసులో ఈ మెల్చోర్‌నే ముందు కూర్చోబెట్టుకుని దారం పట్టడం నేర్పినప్పుడు తిక్యో చెప్పిన మొదటి మాట, చేతికి చుట్టొద్దు. బిగిసిందా, చేపైనా పోతుంది, వేళ్ళయినా పోతాయి.

దారం గుంజింది. తిక్యో ముందుకి తిరిగాడు.

"వెనక కూచో," అన్నాడు. "ఎడంచేత్తో పట్టుకో. నేను చెప్పేదాకా ఆగకు. పోతానంటే పోనియ్యి."

మెల్చోర్ వెనక కూర్చున్నాడు.

తిక్యో దారాన్ని కుడిచేతి చివరి రెండు వేళ్ళ మీదికి మార్చుకున్నాడు. అవి చిన్నవి, బలం లేనివి, కానీ వాటికి తెలుస్తుంది. మిగతా పని కళ్ళకి అప్పజెప్పాడు. దారం నీళ్ళలో దిగేచోట ఎటు వాలుతోందో చూశాడు. దాని మీద నిలిచిన నీటిచుక్కల్ని చూశాడు. చుక్కలు నిలిచి ఉంటే చేప ఇటు తిరుగుతోంది. చుక్కలు చిట్లి రాలాయంటే అటు తిరిగింది, దారం బిగుస్తోంది. చుక్కలు నిలిచినప్పుడు ఒక బార తీసుకున్నాడు. రాలినప్పుడు అరబార ఇచ్చాడు. వెనక మెల్చోర్ తీసుకున్నది చుట్టగా పడేస్తున్నాడు. ఇచ్చినప్పుడు అతని వేళ్ళు విచ్చుకుంటున్న చప్పుడు లేదు, కానీ దారం ఎక్కడా ఆగలేదు.

ఈ దారం ఇప్పుడు తెగితే మెల్చోర్ దారం తెగినట్టు. ఆ ఆలోచన ఒకసారి వచ్చింది. తిక్యో కంట్లోకి చెమట కారింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. రెప్పలు ఆర్పి మళ్ళీ చుక్కలకేసి చూశాడు. ఆలోచన ఎటు పోయిందో చూసుకోలేదు.

"మావా, మాంసం కాలిపోద్ది. గంట దాటింది."

"కాలనీ."

"ఔరెలియమ్మ…"

"నోరు మూసుకుని నీళ్ళు కొట్టు."

మెల్చోర్ దారం మీద నీళ్ళు చిమ్మాడు. ముప్పై బారలు. పాతిక. మళ్ళీ ముప్పై. తిక్యో మోకాళ్ళు పడవ చెక్కకి ఒరుసుకుని చర్మం లేచింది. నడుము ఎప్పుడో తెలియడం మానేసింది. ఇరవై బారల దగ్గర నీళ్ళలో ఒక తెల్లటి మెరుపు తిరిగింది. పదిహేను దగ్గర దాని వీపు కనిపించింది, కొడవళ్ళలాంటి పసుపు రెక్కలతో. పక్కకి ఒరిగి వస్తోంది, నిద్రలో ఉన్నట్టు.

"పడవని చూస్తుంది ఇప్పుడు," అన్నాడు తిక్యో.

చేప పడవని చూసింది. తల దించి కిందికి దూకింది. తిక్యో రెండు చేతులూ తెరిచేశాడు. దారం అతని ముందు నుంచి, అతని పక్కనుంచి, వెనక మెల్చోర్ తెరిచిన ఎడంచేతిలోంచి, అడుగున ఉన్న చుట్టల్ని ఒక్కొక్కటే ఎగరేస్తూ పోయింది. పది బారలు. ఇరవై. పడవ అంచు చెక్క నుంచి పొగలాంటి వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ పట్టుకోలేదు. దానంతటదే ఆగింది.

ఆ తర్వాత అది ఇక పెనుగులాడలేదు. తిక్యో దాన్ని పైకి తెచ్చాడు. మెల్చోర్ ఎడంచేత్తో కొక్కెం వేశాడు, మొదటిసారి జారింది, రెండోసారి తలలో దిగింది. తిక్యో దాని కళ్ళ మధ్య దుడ్డుకర్రతో కొట్టి, మెదడులోకి సన్నటి ఊచ దింపాడు. చేప ఒళ్ళంతా ఒకసారి వణికి రంగు మారింది. పడవని ఒక పక్కకి ముంచి, నీళ్ళతోపాటే దాన్ని లోపలికి దొర్లించి, ఆ నీళ్ళు తోడుకుంటూ కూర్చున్నారు. అది మెల్చోర్ కన్నా పొడుగుంది.

ఎవరి చేపకి వాళ్ళు తోక మీద గాటు పెడతారు, మంచులో కలిసిపోకుండా. తిక్యోది పై తోకకి రెండు గాట్లు. మెల్చోర్‌ది కింది తోకకి ఒకటి. మెల్చోర్ కత్తి తీసి, పిడి తిప్పి తిక్యోకి అందించాడు.

"నువ్వే పెట్టు మావా. నీ గుర్తు."

తిక్యో కత్తి అందుకుని కింది తోకకి ఒక గాటు పెట్టాడు.

"దారం నీది," అన్నాడు.

ఒడ్డుకి వచ్చేసరికి పొగ ఇంకా తగ్గలేదు. ఇద్దరు మనుషులు వెదురు బొంగుకి కట్టి మోసుకొచ్చిన చేపని తడి సిమెంటు గచ్చు మీద పడుకోబెట్టారు. ఔరెలియా గొడుగు మూసి పక్కన నిలబడింది. పరీక్షించేవాడు సన్నటి ఇనపగొట్టాన్ని రెక్క వెనక దింపి, తిప్పి, బయటికి తీశాడు. గొట్టంలో పెన్సిలంత మాంసం. దాన్ని వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకి పట్టి, వాసన చూశాడు. అందరూ అతని వేళ్ళకేసే చూస్తున్నారు.

"నడుమ బాగుంది. అంచుల్లో కాలింది. రెండో రకం," అన్నాడు.

"ఇంత చేపకి రెండో రకమా!" అంది ఔరెలియా. "చాలాసేపు ఆడించావా మెల్చోర్?"

"లాగింది మావయ్య."

"అదీ సంగతి." ఆమె తిక్యో వైపు తిరగలేదు. "అందుకే అన్నాను నేను…"

ఉల్దో మంచుపార మీద ఆనుకుని నిలబడ్డాడు. "పోన్లెండమ్మా, ఈసారి నూడుల్స్ తెగలేదు."

"నువ్వు కాసేపు ఆగరా," అన్నాడు మెల్చోర్. గొంతు పెద్దది చెయ్యలేదు. కుడిచేతికి కట్టిన గుడ్డని పళ్ళతో లాగి విప్పాడు. అది నెత్తుటికి అంటుకుపోయి ఆఖరి చుట్టు దగ్గర ఆగింది. దాన్ని కూడా పీకేసి, చెయ్యి తిప్పి వెనకవైపు చూపించాడు. పరీక్షించేవాడు గొట్టం తుడవడం ఆపాడు. అక్కడున్న వాళ్ళలో ఆ రెండు గీతలు చదవలేనివాడు ఒక్కడూ లేడు.

"ఈసారి దారం నాది, చెయ్యి ఆయనది," అన్నాడు మెల్చోర్. "చేప ఇదిగో, ఇక్కడుంది. పోయిన నెల దారం ఆయనది, చెయ్యి నాది."

ఔరెలియా ఆ చేతి మీదికి వంగి చూసింది.

"చుట్టావా?" అంది ఔరెలియా.

"చుట్టాను."

"రెండుసార్లూ?"

"తొందరగా లాగాలని."

"నీకు తెలుసా తిక్యో?"

"తెలీదమ్మా," అన్నాడు తిక్యో. పడవలో ఆ గీత చూసేదాకా నిజంగానే తెలియదు. నెలరోజులుగా రాత్రిళ్ళు తన వేళ్ళని తనే తెరిచి మూసి చూసుకున్నాడు. ఆ రోజు దారం తెగడానికి అవి కారణం కాదని ఇప్పుడు ఈ గచ్చు మీద తేలింది. సంతోషం రావాల్సింది. కూర్చుంటే బాగుండునని మాత్రం అనిపించింది.

ఔరెలియా గొడుగు మళ్ళీ విప్పింది. "నీ సంగతి తర్వాత చూస్తా," అంది మెల్చోర్‌తో. తర్వాత తిక్యోతో, "సోమవారం రాళ్ళు తెచ్చుకో. నీ చోటు నీదే. నేనున్నంత కాలం ఎవడికీ ఇవ్వను," అంది.

ఉల్దో పారతో మంచు ఎత్తి చేప మీద పోశాడు. మళ్ళీ పోశాడు. అవసరానికి మించి పోశాడు. ఆ తర్వాత వెళ్ళిపోతున్న తిక్యో వెనకే నాలుగడుగులు వచ్చి, "మావా, మోకాళ్ళకి కొబ్బరినూనె రాసుకో," అని వెనక్కి పోయాడు.

ఒడ్డున అన్న మాటలు తిక్యో కన్నా ముందే ఇల్లు చేరాయి. అతను వచ్చేసరికి నార్సిసా ఇంట్లో లేదు. చీకటి పడేముందు ఏటివైపు నుంచి వచ్చింది, లంగా మోకాళ్ళదాకా తడిసి, నెత్తిన బుట్టతో. బుట్ట నిండా రాళ్ళు, ఇంకా తడిగా ఉన్నాయి. వాటిని గుమ్మం పక్కన దించి, చేతులు దులుపుకుని, అతన్ని చూసి నవ్వింది. నెలరోజుల తర్వాత నవ్వింది.

"సోమవారం దాకా ఆగొచ్చుగా," అన్నాడు తిక్యో.

"నీళ్ళు తక్కువగా ఉన్నాయి. మంచివి కనపడుతున్నాయి. ఏరుకోకపోతే ఇంకెవరైనా పట్టుకుపోతారు."

"రాళ్ళనెవరు పట్టుకుపోతారే?"

"నీలాంటోళ్ళు బోలెడుమంది."

ఆమె పొయ్యి రాజేసింది. అన్నం వార్చి, గిన్నెలో నీళ్ళు పోసి, అల్లం చితక్కొట్టి, గుప్పెడు లేత చింతాకు దూసింది. అప్పుడు మెల్చోర్ వచ్చాడు. అరటాకులో చుట్టిన పొట్లం ఎడంచేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. ఒడ్డుకి వచ్చిన చేపలో పడవ మనుషులకి దక్కేది గుండె, దవడ. మిగతాది ఎవరు తింటారో వీళ్ళకి తెలియదు.

"అత్తా," అన్నాడు.

నార్సిసా అతని వైపు చాలాసేపు చూసింది. ఈ నెలరోజులు ఏటిగట్టున ఆడవాళ్ళ మధ్య ఆమె విన్నవన్నీ ఆ చూపులో ఉన్నాయి. మెల్చోర్ తల వంచుకోలేదు. చివరికి ఆమే చెయ్యి చాపి పొట్లం తీసుకుంది.

"లోపలికి రా. దోమలొస్తాయి."

దవడ, గుండె ముక్కలు కోసి పులుసులో వేసింది. చాప పరిచి కంచాలు పెట్టింది. మెల్చోర్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు, గుడ్డ కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. మెల్చోర్, "మావా, ఆ రోజు…" అన్నాడు. తిక్యో, "ఆకలేస్తోంది," అన్నాడు. అంతటితో ఆ రోజు సంగతి అయిపోయింది.

పులుసు తెర్లింది. నార్సిసా గిన్నె దించడానికి గుడ్డ కోసం అటూ ఇటూ చూసి, దండెం మీద ఉంటే లాగడానికి వెనక్కి తిరిగింది. పొయ్యి దగ్గర కూర్చున్న తిక్యో వంగి, సత్తుగిన్నెని రెండు అంచులా పట్టుకుని పైకెత్తాడు. ఎడంచేతికి వేడి తెలిసింది, దాన్ని తీసేసి, గిన్నె బరువంతా కుడిచేతి మొదటి రెండు వేళ్ళ మీదా బొటనవేలి మీదా వేసుకున్నాడు. పొయ్యి నుంచి చాప దాకా నాలుగడుగులు. తొందరపడలేదు. చుక్క తొణక్కుండా చాప నడుమ గిన్నె పెట్టి, కూర్చుని, తల ఎత్తాడు.

నార్సిసా గుడ్డ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మెల్చోర్ గోడ నుంచి ముందుకు వంగి ఉన్నాడు. ఇద్దరూ తన కుడిచేతికేసి చూస్తున్నారు. తిక్యో కూడా చూసుకున్నాడు. ఆ మూడు వేళ్ళ మీదా చర్మం తెల్లబడి, చూస్తుండగానే పొక్కు లేస్తోంది. పొయ్యి మీద ఏదో కాలిన వాసన లాంటిది సన్నగా ఉంది.

అతను ఆ చేతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నార్సిసా గుడ్డని మడిచింది. మళ్ళీ మడిచింది. చిన్నదయ్యేదాకా మడిచి పక్కన పెట్టి, చాప మీద కూర్చుంది. చోటు చాలక, గుమ్మం పక్కనున్న రాళ్ళ బుట్టని కాలితో మెల్లగా అవతలికి నెట్టింది. బుట్ట గడప దాటి బయట ఆగింది.

అన్నం పెట్టింది. పులుసు పోసింది. మొదట మెల్చోర్ ముక్కల్లో ముళ్ళు తీసి పెట్టింది, తర్వాత తిక్యో కంచం దగ్గరికి లాక్కుని అతని ముక్కల్లో కూడా తీసింది. మగవాళ్ళిద్దరూ ఎదురెదురుగా, కుడిచేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేతులతో కలుపుకుని తిన్నారు. మెల్చోర్‌కి అలవాటు లేక మెతుకులు చాప మీద రాలాయి. తిక్యోకి ఒక్కటీ రాలలేదు. మెల్చోర్ అది చూశాడు. ఎప్పటినుంచి అని అడగలేదు. పులుసు వేడిగా, పుల్లగా ఉంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ముగ్గురూ తిన్నారు.